గుప్పెడు కాయ

మిరపకాయల ముచ్చికలు తీసే ఆడవాళ్ళ మధ్య ఒక పద్ధతి ఉండేది. అది ఎవరు పెట్టారో తెలియదు. ఏ షావుకారూ చెప్పింది కాదు, ఏ సంఘమూ తీర్మానించింది కాదు. పక్కన కూర్చున్న మనిషి చెయ్యి వెనకబడిందనిపిస్తే, తన గంపలోంచి గుప్పెడు కాయ తీసి ఆమె గంపలో పడేయడమే ఆ పద్ధతి. అడిగి వేయించుకోకూడదు, వేసినామె ఆ సంగతి ఎత్తకూడదు. వేసిన కాయ వద్దని అసలు అనకూడదు. వద్దన్నదంటే ఆ ఇద్దరికీ తెగిపోయినట్టే లెక్క. తరవాత ఒకే ఆటోలో ఎక్కినా ఒకరి పక్కన ఒకరు కూర్చోరు. మగవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకుంటే దానికి పెద్దమనుషులూ పంచాయితీలూ జరిమానాలూ కావాలి. దీనికి అవేవీ అక్కర్లేకుండానే ఏళ్ళ తరబడి నడిచింది.

రెబ్కా ఈ పద్ధతి నేర్చుకున్నది మౌలాబీ దగ్గర.

రెబ్కాది ప్రత్తిపాడు పక్క పల్లె. మొగుడు లారీ క్లీనరు. చేపల లోడు కోసమని వాడరేవు పోయి, అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఆ కబురు తెచ్చినవాళ్ళు ఓదార్పు కూడా వెంట తెచ్చారు గానీ బియ్యం తేలేదు. అప్పటికి మాధురి చంకలో పిల్ల. మర్నాడు తెల్లారకముందే రెబ్కా ఆ పిల్లనెత్తుకుని, గుంటూరు మిర్చి షెడ్లకు పోయే కూలీల ఆటో ఎక్కింది. ఆటోలో అప్పటికే మనిషి మీద మనిషి కూర్చున్నారు. కాస్త జరగమంటే ఎవరూ జరగలేదు. ఒక నల్లటి బక్కమనిషి మాత్రం తన ఒళ్ళో ఉన్న అన్నం క్యారేజీ తీసి కాళ్ళ కింద పెట్టుకుని, "పిల్లనిటియ్యి" అంది. ఆమే మౌలాబీ.

మౌలాబీ దూదేకుల ఇంటి మనిషి. పర్చూరులో పుట్టి, పెళ్ళికి ముందు అక్కడే పొగాకు గ్రేడింగు చేసింది. పరుపులు కుట్టే హుస్సేన్ సాహెబును చేసుకుని ఈ ఊరు వచ్చాక మిరపకాయలోకి దిగింది. సాహెబు పోయాడు. పిల్లలు లేరు. "పొగాకు దగ్గర దగ్గు నేర్చుకున్నా, మిరపకాయ దగ్గర దానికి అలవాటు పడ్డా" అని తన జీవిత చరిత్ర మొత్తం ఒక్క ముక్కలో చెప్పేది.

ఆ రోజు మధ్యాహ్నం పిల్ల పాలకు ఏడ్చింది. రెబ్కా చేతులు మోచేతుల దాకా మండుతున్నాయి. అది తేజ రకం, పేరు చెబితేనే కళ్ళు నీళ్ళు పెట్టుకునే కాయ. తొందరలో నీళ్ళ కుండ దగ్గరికి పరిగెత్తబోతుంటే మౌలాబీ కొంగు పట్టుకుని ఆపింది. "నీళ్ళు పొయ్యమాకే, ఇంకా మండుద్ది." తన క్యారేజీలోని మజ్జిగ రెబ్కా చేతుల మీద పోసి, కొంగుతో తుడిచి, అప్పుడు పిల్లను అందించింది. ఆ ఎండాకాలమంతా మౌలాబీ ఎడమచెయ్యి కాయ ముట్టలేదు. ఆ చెయ్యి మాధురి కోసం అట్టే పెట్టి, కుడిచేత్తోనే కాయ పట్టి బొటనవేలితో ముచ్చిక విరిచేది. ఒంటిచేత్తో పనిచేసే మనిషి గంప ఎంత నిండుతుంది? అయినా సాయంత్రం కూలి లెక్కకు తూచే కాటా దగ్గరికి పోయేసరికి రెబ్కా గంప తను అనుకున్నదానికంటే బరువుగానే ఉండేది. కొన్నాళ్ళదాకా తన చెయ్యే వాడి అయిందనుకుని మురిసిపోయింది పిచ్చిది. తరవాత చూసింది. మౌలాబీ ఎటో మాట్లాడుతూ, ఎటో చూస్తూ, గుప్పెడు కాయ ఇటు పడేసి ఊరుకుంటోంది.

ఆ షెడ్లను తలుచుకుని బంగారు రోజులని ఎవరైనా అంటే వాళ్ళను ఒక్క పూట అక్కడ కూర్చోబెట్టాలి. పైన రేకులు, కింద కాయ, మధ్యలో మనిషి. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నా ఘాటు గొంతులోకి దిగేది. మరుగుదొడ్డి లేదు గనక పొద్దుటినుంచీ మంచినీళ్ళు తాగేవాళ్ళు కాదు. గుమాస్తా కాటా దగ్గర గంప అందుకునే నెపంతో ఒంటి మీద చెయ్యి వేస్తే, తెలియనట్టు ఊరుకునేవాళ్ళు ఊరుకున్నారు, తిట్టినవాళ్ళు మర్నాటి నుంచి రాలేదు. ఒక ఏడు చిలకలూరిపేట రోడ్డు మీద ఆటో బోల్తాపడి, వీళ్ళ ముఠాలో ఇద్దరు అక్కడికక్కడే పోయారు. షావుకారు శవాల మీదికి చెరొక పూలదండా, ఇళ్ళకు చెరొక బియ్యం బస్తా పంపాడు. మూడోనాడు మిగిలినవాళ్ళంతా మళ్ళీ ఆటో ఎక్కారు. ఎక్కక ఏం చేస్తారు?

కనుక హైవే పక్కన ఎగుమతి కంపెనీ లేచినప్పుడు రెబ్కా సంతోషపడిందంటే తప్పుపట్టకూడదు. నిన్నటిదాకా ముఠా మేస్త్రిగా తిరిగిన పేరయ్య, చొక్కా ప్యాంటులోకి దోపి, లేబర్ ఏజెన్సీ అయిపోయి ఊళ్ళోకి వచ్చాడు.

"నెలజీతం, పీఎఫ్, ఈఎస్ఐ కార్డు, ఎక్కడానికి బస్సు" అన్నాడు. "నలభై అయిదు దాటితే మాత్రం తీసుకోరు."

మౌలాబీకి తన వయసు తెలియదు. ఆధార్ తీసినవాడు ఆమెను ఎగాదిగా చూసి, తోచిన సంవత్సరం కొట్టాడు. ఆ పుణ్యాత్ముడి చేతిచలవ వల్ల కార్డులో ఆమె రెబ్కా కంటే కాస్త పెద్ద, అంతే. అలా ఇద్దరూ ఒకే రోజు చేరారు. బస్సులో రెబ్కా అత్తా అని పిలిస్తే మౌలాబీ పక్కకు వంగి, "అత్తా అనమాకే, కంపెనీవోళ్ళు వింటే కేసు పెడతారు. అక్కా అను" అని నవ్వించేది.

ఉన్నమాట చెప్పాలి. కంపెనీలో ఫ్యాన్లున్నాయి, ముక్కుకు మాస్కులున్నాయి, తెల్లకోటూ టోపీ ఉన్నాయి. గుమాస్తా చేతులు లేవు. మరుగుదొడ్డి ఉంది, దానికి లోపలినుంచి గొళ్ళెం ఉంది. మొదటి రోజు రెబ్కా రెండుసార్లు వెళ్ళొచ్చింది, పనుండి కాదు, అది మధ్యాహ్నానికి కూడా అక్కడే ఉంటుందో లేదో చూసుకోవడానికి. ఇంత చేసిన కంపెనీ ఒక్కటి మాత్రం తీసేసింది. గంపలు పోయి ట్రేలు వచ్చాయి. ప్రతి ట్రేకూ ఒక స్టిక్కరు, ఆ స్టిక్కరు మీద మనిషి నంబరు. గోడ మీద పెద్ద టీవీ. అందులో అందరి పేర్లూ, ఎవరిది ఎంత అయిందో పక్కనే. పని సరిపోతే పచ్చ, తగ్గితే ఎరుపు. రోజల్లా మిరపకాయలను చూసేవాళ్ళకు ఎరుపంటే భయం పుట్టించిన ఘనత ఆ టీవీదే.

లైన్ సూపర్‌వైజరు శ్రీరమ్య మంగళగిరి పిల్ల. మగ్గం నేసే ఇంట్లోంచి వచ్చి డిగ్రీ చదివింది. దురుసు పిల్ల కాదు. మొదటి వారంలోనే అందర్నీ నిలబెట్టి చెప్పింది.

"మన సరుకు విదేశాలకు పోద్దండి. ఏ డబ్బాలో రాయి వచ్చినా, దారప్పోగు వచ్చినా, అది ఎవరి చేతిలోంచి వచ్చిందో కంపెనీ చెప్పగలగాలి. అందుకని ఎవరి ట్రే వాళ్ళదే. పక్కవాళ్ళ ట్రేలో చెయ్యి పెట్టకూడదు. మీరు పెట్టకూడదు, వాళ్ళని పెట్టనివ్వకూడదు."

రెబ్కా విన్నది. అర్థమైంది కూడా. కానీ పదిహేనేళ్ళు దాటిన అలవాటు చెవుల్లోంచి పోదు, చేతుల్లో ఉంటుంది.

మౌలాబీ కళ్ళు మసకబారుతున్నాయి. ఎర్రకాయలోంచి తెల్లబడ్డ తాలుకాయను ఏరడానికి ఒక్కొక్కటి ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసేది. ఎడమకంటికి ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుంది. కుడికన్ను చేయించుకుంటే కొన్నాళ్ళు పని మానాలి. ఏజెన్సీ మనిషి పని మానితే ఆ స్థలంలో ఇంకొకరు వచ్చి నిలబడతారు. దానికి తోడు దగ్గు. ఆమె పేరు టీవీలో ఎర్రబడడం మొదలైంది. ఇలాగే ఉంటే తీసేస్తారని పేరయ్య బస్సు దగ్గర రెండుసార్లు చెప్పిపోయాడు.

ఇక రెబ్కా చెయ్యి ఊరుకుంటుందా? బల్ల అంచు కిందుగా, ఎటో చూస్తూ, గుప్పెడు కాయ మౌలాబీ ట్రేలో పడేది. మౌలాబీ ఏమీ అనేది కాదు. అనకూడదు గదా. సాయంత్రానికి పేరు పచ్చబడేది. ఇద్దరూ బస్సెక్కి, మాధురి ఇంటర్ పరీక్షల గురించి మాట్లాడుకుంటూ ఇల్లు చేరేవాళ్ళు.

అలా నడుస్తుండగా కంపెనీ ఒక మాట బయటపెట్టింది. ఏజెన్సీ కింద ఉన్నవాళ్ళలో బాగా పనిచేసే కొందరిని తమ సొంత ఉద్యోగులుగా తీసుకుంటుందట. రెబ్కా పేరు ఉందని శ్రీరమ్య చెవిలో వేసింది. "ఒక్క కంప్లెయింట్ కూడా రాకూడదు అక్కా. జాగ్రత్తగా ఉండు."

రెబ్కా వంశంలో ఆడగానీ మగగానీ ఇంతవరకూ ఉద్యోగం అన్న మాటను తమ పేరు పక్కన విన్నది లేదు. పని అన్నారు, కూలి అన్నారు, చాకిరీ అన్నారు. జ్వరమొచ్చి పడుకుంటే కూడా జీతం కోత లేని రోజు ఒకటుంటుందని ఆమె నలభై దాటాక తెలుసుకుంది. ఆ రాత్రి మాధురికి చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందని తనలో తనే దాచుకుంది. మౌలాబీకి మాత్రం చెప్పింది. మౌలాబీ రెండు చేతులూ రెబ్కా తల చుట్టూ తిప్పి తన కణతల దగ్గర మెటికలు విరుచుకుంది.

"నీకొస్తే నాకొచ్చినట్టేనే" అంది.

ఇప్పుడు పిన్నీసు సంగతి చెప్పుకోవాలి. ముచ్చిక విరిచేటప్పుడు ఒక్కోసారి గింజ గోరు కిందికి దూరుతుంది. గ్లవ్జు ఉన్నా దాని చీలికలోంచి దూరుతుంది. ఆ మంట పడినవాళ్ళకే తెలుసు. షెడ్లలో ప్రతి ఆడమనిషి దగ్గరా ఒక పిన్నీసు ఉండేది, దాంతో గింజ లాగేసేవాళ్ళు. కంపెనీలో పిన్నీసు నిషేధం. గింజ దూరితే చెయ్యెత్తి, సూపర్‌వైజరుకు చెప్పి, ఫస్ట్ ఎయిడ్ గదికి పోవాలి. పోయి వచ్చేలోగా టీవీలో పేరు ఎర్రబడుతుంది. అందుకని చాలామంది చాటుగా పిన్నీసు ఉంచుకునేవాళ్ళు. గేటు దగ్గర కాపలా ఉండే గుల్జార్ బేగం మిషను పెట్టి తడిమితే అది కుయ్యిమనేది. జాకెట్టు హుక్కులకు కూడా అలాగే కుయ్యిమంటుంది గనక ఆమె పొమ్మనేది. రెబ్కా పిన్నీసుకు తలకాయ దగ్గర నల్లదారం చుట్టి ఉంటుంది. గుచ్చుకోకుండా మౌలాబీయే ఎప్పుడో షెడ్ల కాలంలో చుట్టి ఇచ్చింది.

ఆ రోజు పొద్దున గోరు కింద గింజ దూరింది. రెబ్కా బల్ల కింద గింజ లాగేసి, పిన్నీసును గ్లవ్జు మడతలో గుచ్చుకుంది. అంతలోనే మౌలాబీ దగ్గుతూ ఆగిపోవడం కనిపించింది. టీవీ వంక చూస్తే పేరు ఎర్రగా ఉంది. గుప్పెడు కాయ తీసి పడేసింది. ఇంకో గుప్పెడు పడేసింది. పిన్నీసు మాటే మరిచిపోయింది.

కాసేపటికి లైను చివర ఇనుమును పసిగట్టే మిషను కూత పెట్టింది. బెల్టు ఆగింది. ట్రే స్టిక్కరు చదివారు. మౌలాబీ నంబరు.

మేనేజరు శ్రీకృష్ణ గదిలో ఏసీ చల్లగా ఉంది. బల్ల మీద చిన్న ప్లాస్టిక్ సంచీలో పిన్నీసు. మౌలాబీని పిలిచారు. పక్క స్థానం గనక రెబ్కాను కూడా పిలిచారు. సంచీ మీద చూపు పడగానే రెబ్కాకు నల్లదారం కనిపించింది. చెయ్యి దానంతటదే గ్లవ్జు మడత దగ్గరికి పోయింది. అక్కడేమీ లేదు.

"ఇది డబ్బాలో పోయుంటే ఏమయ్యేదో తెలుసా? మొత్తం కంటెయినర్ వెనక్కొచ్చేది" అన్నాడు శ్రీకృష్ణ. "ఎవరిదమ్మా ఇది?"

మౌలాబీకి అది సరిగ్గా కనిపించలేదు. సంచీ చేతిలోకి తీసుకుని వేళ్ళతో తడిమింది. దారం చుట్టిన చోట ఆమె బొటనవేలు ఆగింది. రెబ్కా ఆ వేలినే చూస్తోంది. ఇప్పుడు నోరు విప్పాలి. నాదండి అంటే చాలు, ఒక్క మాట. ఆ ఒక్క మాటకు ఉద్యోగం పోతుంది. మాధురి చదువు పోతుంది. మళ్ళీ రేకుల షెడ్డు, మళ్ళీ ఆటో, మళ్ళీ దాహంతో ఎండిన నోరు. రెబ్కా ఖాళీ మడతను వేలితో ఇంకోసారి తడిమింది.

"నాదేనండి" అంది మౌలాబీ.

శ్రీరమ్య తల తిప్పి మౌలాబీని చూసింది. ఆ తరవాత గోడ మూల ఉన్న కెమెరా స్క్రీను వంకా, రెబ్కా వంకా చూసింది. ఆ పిల్లకు తెలిసిందో లేదో రెబ్కాకు ఈనాటికీ తెలియదు. "అక్కా, నువ్వు నీ లైనుకు పో" అని మాత్రం అంది. ఒప్పుకున్న మనిషి ఎదురుగా ఉండగా కెమెరా చూడాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. కంపెనీకి ఒక నంబరు కావాలి, దొరికింది.

రెబ్కా పోయి ముచ్చికలు తీసింది. ఆ పూట ఆమె పేరు పచ్చగానే ఉంది.

ఇంతవరకూ జరిగింది భయం. భయం ఎవరికైనా ఉంటుంది, దాన్ని మౌలాబీ కూడా తప్పుపట్టి ఉండేది కాదు. అసలు తప్పు సాయంత్రం జరిగింది. పనిలోంచి తీసేసి కార్డు తీసుకున్నారు గనక మౌలాబీని కంపెనీ బస్సు ఎక్కనివ్వలేదు. ఆటో కోసం గేటు బయట, కంపెనీ బోర్డు నీడలో, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సు గేటు దాటుతుండగా రెబ్కా ఆమెను చూసింది. ఆపమంటే డ్రైవరు ఆపేవాడు. దిగి పక్కన కూర్చుంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆటోలో ఇద్దరూ కలిసి ఇల్లు చేరేవాళ్ళు, దార్లో ఏడ్చేవాళ్ళు, ఇంటికొచ్చి టీ తాగేవాళ్ళు. రెబ్కా కిటికీ పక్కనుంచి లేచి లోపలి సీట్లోకి జరిగింది. మౌలాబీ తల ఎత్తింది. ఆ మసక కళ్ళకు బస్సు కనిపించి ఉంటుంది, మనుషులు కనిపించి ఉండరని రెబ్కా తనకు తాను చెప్పుకుంది. చాలా రోజులు చెప్పుకుంది.

ఉద్యోగం వచ్చింది. ఫోటో ఉన్న కొత్త కార్డు, దానికి నీలం తాడు. మాధురి దాన్ని మెడలో వేసుకుని అద్దంలో చూసుకుని, "అమ్మా, నువ్వు ఆఫీసర్‌లా ఉన్నావే" అంది. చర్చిలో పాస్టరుగారు రెబ్కా పేరు చెప్పి ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. రెబ్కా అనలేదు.

మౌలాబీ వీధి చర్చికి ఎంతో దూరం లేదు. అయినా వేసవి దాటింది, వానలు పడ్డాయి, పత్తి చేలకు పూత వచ్చింది. రెబ్కా ఆ వీధిన పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేది. చివరికి ఒక ఆదివారం, ప్రార్థన కాగానే, రెండు అరటిపళ్ళ హస్తాలు కొంగులో పెట్టుకుని వెళ్ళింది.

ఇప్పుడు షావుకార్లు షెడ్లు కూడా తగ్గించేశారు. కోల్డ్ స్టోరేజీ నుంచి కాయ నింపిన గోనె టిక్కీలు ట్రాలీ ఆటోల్లో నేరుగా ఇళ్ళకే దింపుతున్నారు. షెడ్డు అద్దె లేదు, కరెంటు లేదు, ఎవరికేమైనా అయితే పూలదండ ఖర్చు కూడా లేదు. మౌలాబీ పడుకునే గదిలోనే కాయ రాశి పోసి ఉంది. మంచం కాళ్ళకూ, వంటగిన్నెలకూ ఎర్రటి దుమ్ము పట్టింది. ఆమె రాశి ముందు కూర్చుని, ఒక్కొక్క కాయా ముక్కు దాకా తెచ్చుకుని చూసి ముచ్చిక విరుస్తోంది. కుడికన్ను పూర్తిగా తెల్లబడింది.

"ఎవరూ?"

"నేనత్తా. రెబ్కాని."

"రా అమ్మా. అంత దూరాన కూర్చో, ఘాటు" అంది మౌలాబీ. లేచి తడుముకుంటూ టీ పెట్టింది. ఆ గ్లాసు రెబ్కా ముందు పెట్టి మళ్ళీ రాశి దగ్గర కూర్చుంది. "మాధురి బాగుందా?"

"బాగుందత్తా. నర్సింగులో చేరింది."

"మంచి చదువు. ఎవరి దగ్గరికీ చెయ్యి చాపక్కర్లేదు."

ఊరికే కూర్చోలేక రెబ్కా పక్కనున్న చేట లాక్కుని, అందులోకి కాసిని కాయలు తీసుకుని ముచ్చికలు విరవడం మొదలుపెట్టింది. ఇద్దరి మధ్యా కాయలు విరిగే చప్పుడే ఉంది. పాత చప్పుడు. ఆ చప్పుడులోనే రెబ్కా మాట ఎత్తింది.

"అత్తా, ఆ రోజు ఆ పిన్నీసు..."

"టీ చల్లారిపోద్ది, తాగు."

రెబ్కా తాగింది. మౌలాబీకి దగ్గు తెర వచ్చింది. ఆగకుండా దగ్గి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుంది. చేతులు ఆగిపోయాయి. ఆమె గంప సగం కూడా నిండలేదు. రెబ్కా ఆలోచించలేదు. అలవాటైన చెయ్యి చేటలోంచి గుప్పెడు కాయ తీసి, ఎటో చూస్తూ, ఆ గంపలో పడేసింది.

కాయ పడ్డ చప్పుడు మౌలాబీకి తెలిసింది. దగ్గు తగ్గేదాకా ఆగింది. తరవాత గంపలో చెయ్యి పెట్టి, పైన పడ్డ కాయలను తడిమి, వేళ్ళ నిండా గుప్పెడు తీసింది. ఒక్క కాయ కూడా జారనివ్వకుండా తెచ్చి రెబ్కా చేటలో పోసింది.

"ఎవరి ట్రే వాళ్ళదే గదమ్మా" అంది. గొంతులో కోపం లేదు. గంపను రెండు చేతులతో పట్టుకుని, తనకు అవతలి పక్కకు జరుపుకుంది.